బొటనవేళ్ల కథ, బయానా లెక్క

చేనేత మీద సభ ఎక్కడ జరిగినా రెండు మాటలు వినబడతాయి. అగ్గిపెట్టెలో ఇమిడే చీర ఒకటి. ఆ పనితనాన్ని ఓర్వలేక తెల్లవాడు మన సాలెల బొటనవేళ్లు నరికించాడన్నది రెండోది. మొదటిదానికి రుజువుంది. సిరిసిల్లలో నల్ల పరంధాములు మగ్గం మీద నేసి, మడిచి, అగ్గిపెట్టెలో పెట్టి లోకానికి చూపించాడు. రెండోదానికి, మనం చెప్పుకునే రూపంలో, రుజువు లేదు. జనగామ, స్టేషన్ ఘనపూర్, కొడకండ్ల ప్రాంతాల నేతగాళ్ల చరిత్రకైతే అది అసలే అతకదు. అయినా పాఠాల్లో, ఉపన్యాసాల్లో, పత్రికల్లో దాన్ని ఎవరూ ప్రశ్నించరు. ప్రశ్నించినవాడు తెల్లవాడి పక్షం అనిపించుకుంటాడు. ఈ కథను నమ్మడం వల్ల తెల్లవాడికి కలిగిన నష్టం ఏమీ లేదనీ, నష్టపోయింది నేతగాడేననీ నా వాదన.

కథ మొదలు ఎక్కడుందో వెతికితే 1772లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం దగ్గరికి చేరతాం. రాసినవాడు విలియం బోల్ట్స్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసి, సొంత వ్యాపారంలో బాగా వెనకేసుకుని, పైవాళ్లతో గొడవపడి, 1768లో బెంగాల్ నుంచి బలవంతంగా పంపించేయబడ్డవాడు. కంపెనీ మీద కసితో రాసిన పుస్తకమే అయినా అందులో నిజాలు చాలా ఉన్నాయి. నేతగాళ్లకు జరిమానాలు వేయడం, ఖైదు చేయడం, కొరడాలతో కొట్టడం, బలవంతంగా పత్రాలు రాయించుకోవడం అన్నీ చెప్పాడు. వాటి పక్కనే పట్టు దారం తీసే నగాడ్‌ల గురించి ఒక వాక్యం ఉంది. వాళ్లను ఎంత పీడించారంటే, బలవంతపు చాకిరీ తప్పించుకోవడానికి కొందరు తమ బొటనవేళ్లు తామే కోసుకున్న సందర్భాలున్నాయని అందులోని సారాంశం. ఆ వాక్యంలో ఉన్నది బెంగాల్. పని పట్టు దారం తీయడం. వేళ్లు కోసుకున్నది పనివాళ్లు. మన దాకా వచ్చేసరికి బెంగాల్ దేశమంతా అయింది, దారం తీసేవాడు మస్లిన్ నేసేవాడయ్యాడు, కోసుకున్నవాళ్ల స్థానంలో కోసిన తెల్లవాడు వచ్చి నిలబడ్డాడు. బోల్ట్స్ రాసిన మాటే నిజమనుకున్నా, మనిషి తన బతుకుదెరువును తన చేత్తో తెంపుకోవాల్సినంత నిర్బంధం అది. దాని భయంకరత్వం వేరు. మన కథ దాన్ని చెరిపేసి, తేలిగ్గా అర్థమయ్యే ఒక క్రూరుణ్ణి తెచ్చిపెట్టింది.

కథ ఇంత గట్టిగా పాతుకుపోవడానికి కారణాలు లేకపోలేదు. మగ్గం దగ్గర చూస్తే నేతగాడి ఆస్తి వేళ్లలోనే ఉంటుంది. పడుగులో పోగు తెగిందంటే నాడె ఆగుతుంది. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ముడి కనబడకుండా నులిమి అతికించాలి. ఆ అతుకు మోటుగా పడితే బట్ట మీద మచ్చ తేలుతుంది, కూలిలో కోత పడుతుంది. ఆసు పోయడం నుంచి అచ్చు అతకడం దాకా బొటనవేలు లేనిదే జరిగే పని దాదాపు లేదు. పైగా గురుదక్షిణగా బొటనవేలు కోసిచ్చిన ఏకలవ్యుడి కథ పిల్లప్పటి నుంచీ మనకు తెలుసు. విద్య ఉన్నవాణ్ణి విద్య లేనివాణ్ణి చేయాలంటే ఎక్కడ కొయ్యాలో మన ఊహకు భారతమే నేర్పింది. 2015లో శశి థరూర్ ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో చేసిన ప్రసంగంలోనూ నేతగాళ్ల బొటనవేళ్లు చితక్కొట్టిన మాట వచ్చింది. ఆ వీడియోను దేశమంతా పంచుకుంది. ఆ ప్రసంగంలో సుంకాల గురించి చెప్పిన గట్టి విషయం కంటే వేళ్ల ముచ్చటే జనానికి ఎక్కువ గుర్తుండిపోయింది. ఇలాంటిదే మరో మాట, నేతగాళ్ల ఎముకలతో భారత మైదానాలు తెల్లబారాయన్నది. గవర్నర్ జనరల్ బెంటింక్ అన్నట్టుగా మార్క్స్ 1867లో ‘కాపిటల్’లో రాశాడు, అక్కడి నుంచి మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. బెంటింక్ కాగితాల్లో ఆ మాట కోసం వెతికిన చరిత్రకారులకు అది దొరకలేదు.

రికార్డులు రాసింది కంపెనీవాళ్లేననీ, తాము చేసిన ఘోరాన్ని తామే రాసుకుంటారా అనీ అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. అయితే కొరడా దెబ్బలు, ఖైదు, జప్తు అన్నీ కంపెనీ ఉత్తరప్రత్యుత్తరాల్లోనే కనబడుతున్నాయి. అప్పట్లో వాటిని సిగ్గుపడాల్సిన విషయాలుగా వాళ్లు చూడలేదు కనుక దాచలేదు. కంపెనీకి శత్రువులు లండన్‌లోనే ఉన్నారు. 1788లో మాజీ గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మీద విచారణలో పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్, రంగపూర్‌లో శిస్తు వసూలు పేరుతో జరిగిన చిత్రహింసలను వర్ణిస్తే సభలో కొందరు స్త్రీలు తట్టుకోలేకపోయారు. రైతుల వేళ్లకు తాళ్లు బిగించి, మధ్యన మేకులు కొట్టారని కూడా ఆయన చెప్పాడు. అలాంటి మనిషి చేతికి నేతగాళ్ల బొటనవేళ్లు నరికిన ఒక్క సాక్ష్యం దొరికినా వదిలిపెట్టేవాడు కాదు. లెక్క కూడా కుదరదు. 18వ శతాబ్దంలో కంపెనీ లాభానికి మన బట్ట ముఖ్యమైన ఆధారం. బయానా ఇచ్చి బట్ట కోసం కాచుకుని కూర్చున్నవాడు నేసే చేతిని నరుక్కోడు. లాంకషైర్ మిల్లుల కోసం చేశారంటే, మిల్లు బట్ట పెద్దఎత్తున మన దేశం మీదికి రావడం 1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయాక జరిగిన సంగతి. అప్పటికి నేతగాణ్ణి దెబ్బతీయడానికి కత్తితో పని లేకపోయింది. సుంకం, ధర చాలాయి.

జరిగిందేమిటో ఉత్తర సర్కారుల్లో చూడాలి. 1766లో నిజాం నుంచి అవి కంపెనీకి సంక్రమించాయి. మచిలీపట్నం, ఇంజరం, మాధవాయపాలెం, విశాఖపట్నంలలోని కంపెనీ వర్తక స్థావరాల చుట్టూ వేల మగ్గాలుండేవి. అంతకుముందు దక్షిణాదిలో నేతగాడికి ఒక బలం ఉండేదని చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి 2001లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. షావుకారు దగ్గర బయానా తీసుకున్నా, నచ్చకపోతే దాన్ని తిరిగిచ్చి వేరొకరికి నేసే స్వేచ్ఛ అతనిది. ధర పెరిగితే ఒప్పందం తప్పినా షావుకారు బలవంతం చేయలేడు, రాజు కూడా షావుకారు కోసం సిపాయిని పంపేవాడు కాదు. కంపెనీ స్వయంగా రాజైపోయాక ఆ స్వేచ్ఛ పోయింది. బయానా బాకీ అయింది, ఆ బాకీ సంకెల అయింది. కంపెనీ ఇండెంటు పూర్తయ్యేదాకా వేరే ఎవరికీ ఒక్క మూర నేయకూడదు. నేత ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు కూర్చుంటాడు. వాడి బత్తా కూడా నేతగాడే కట్టాలి. నాణ్యం తక్కువని తిప్పికొట్టిన తానుల నష్టం నేతగాడిదే. పి. స్వర్ణలత 2005లో ప్రచురించిన పరిశోధన ఈ కోస్తా నేతగాళ్ల మీదే సాగింది. వాళ్లు మూగగా పడి ఉండలేదని ఆమె రచనల్లో తెలుస్తుంది. అర్జీలు రాశారు, కలిసికట్టుగా నేత ఆపేశారు, ఊళ్లు విడిచి వెళ్లిపోయారు. వేళ్లు తెగి ఏడ్చే మనిషి కథలో ఈ మనిషికి చోటు లేదు. హక్కు తెలిసి, ధర తెలిసి, కంపెనీ దొరకు ఎదురుగా నిలబడి వాదించిన తెలుగు నేతగాణ్ణి మన కథే మరుగున పడేసింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక మన జనగామ, ఘనపూర్ ప్రాంతాల సంగతి. జనగామ దగ్గరి స్టేషన్ ఘనపూర్, మహబూబాబాద్ వైపు పల్లెలు, భూపాలపల్లి వైపు కోటగుళ్లున్న ఘనపురం, ఇవన్నీ 1948 దాకా నిజాం ఏలుబడిలోవి. కంపెనీ బంట్రోతుకు ఇక్కడి సాలె ఇంటి అరుగు మీద కూర్చునే అధికారం ఎన్నడూ లేదు. కోస్తా కథే ఇక్కడికి సరిపోదంటే బెంగాల్ కథ అసలే సరిపోదు. మరి ఇక్కడి నేతగాడు చితకలేదా అంటే చితికాడు. చితికిన దారి వేరు. ఆ దారి ఒకటి స్టేషన్ ఘనపూర్ అన్న ఊరి పేరులోనే ఉంది. నిజాం రైలు 1886లో వరంగల్లు దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చింది. రైలు ఆగిన స్టేషన్లలో దిగిన సరుకుల్లో మిల్లు నూలు, మిల్లు బట్ట ఉన్నాయి. మిల్లు నూలు సన్నంగా, సమంగా, చవగ్గా ఉంటుంది. మగ్గం దాన్ని ఇష్టంగానే తీసుకుంది. దెబ్బ మొదట తగిలింది రాట్నానికి. తరతరాలుగా ఇంటి పనుల నడుమ నూలు వడికి నాలుగు గింజలు సంపాదించుకున్న ఆడవాళ్ల చేతి పని పోయింది. పత్తి వడికిన ఆ స్త్రీల గురించి మనకు ఒక్క కథైనా లేదు. వాళ్ల వేళ్లు ఎవరూ నరకలేదు, వాటికి పని లేకుండా పోయిందంతే. సాలె మాత్రం ఆ రోజు నుంచి నూలు షావుకారు చేతిలో పడ్డాడు. నూలు చిలపల ధర ఎక్కడో నిర్ణయమవుతుంది, చీర ధర షావుకారు నిర్ణయిస్తాడు, మధ్యన మిగిలిన దాంట్లో ఇల్లు గడవాలి. అది గడవక తెలంగాణ పద్మశాలి కుటుంబాలు 19వ శతాబ్దం చివరి నుంచే షోలాపూర్ దారి పట్టాయి, తర్వాత భివండి, సూరత్ పట్టాయి. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు వచ్చింది, వేల మందికి అన్నం పెట్టింది. 2002లో అదీ మూతపడింది.

రెండో దెబ్బ ఇంకా దగ్గరిది. వెట్టిచాకిరీ ఎన్ని రూపాల్లో ఉండేదో చెబుతూ కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య, దొరల ఇళ్ల పనివాళ్లకు బట్టలు సాలెలే ఇచ్చుకోవాల్సి వచ్చేదని రాశాడు. కల్లు గీసేవాడు కుండ, కుమ్మరి పాత్ర, మాదిగ చెప్పులు ఇచ్చుకున్నట్టే నేతగాడు బట్ట ఇచ్చుకున్నాడు. జనగామ ప్రాంతం విసునూరు దేశ్‌ముఖ్ పేరుతో వణికిన నేల. ఇక్కడ నేతగాడి కష్టాన్ని ఉచితంగా గుంజుకున్నది ఇంగ్లీషు మాట్లాడినవాడు కాడు, తెలుగులోనే తిట్టినవాడు. బొటనవేళ్ల కథ చెప్పిన ప్రతిసారీ దోషి ఏడు సముద్రాల అవతలికి వెళ్లిపోతాడు. దొర గడి గోడలు, నూలు షావుకారు ఖాతా పుస్తకం ఆ నీడలో కనబడకుండా పోతాయి. ఇదే నేల మీద నిజం ఎలా పనిచేసిందో కూడా చూడాలి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఊరుంది, తేదీ ఉంది, పేరుంది, శవం వెంట నడిచిన జనం ఉన్నారు. ఎవడూ కాదనలేని ఆ ఒక్క చావు తెలంగాణ రైతాంగ పోరాటాన్ని మరో మెట్టెక్కించింది. దానికి ఎవరూ ఏమీ కలపాల్సిన అవసరం రాలేదు.

కథ అక్షరాలా నిజం కాకపోయినా బాధ నిజమే కదా, జనంలో కోపం పుట్టించడానికి ఆ మాత్రం కల్పన తప్పేమిటని అడుగుతారు. దీనికి జవాబు మన కాలంలోనే దొరికింది. మైక్ డైసీ అనే అమెరికన్ రంగస్థల కళాకారుడు, చైనాలో ఆపిల్ ఫోన్లు తయారయ్యే కర్మాగారాల గురించి తాను కళ్లారా చూసినట్టు ఒక ఏకపాత్రాభినయం చేశాడు. 2012 జనవరిలో అందులోని భాగం ‘దిస్ అమెరికన్ లైఫ్’ రేడియోలో వచ్చింది. జనం కదిలిపోయారు, ఆపిల్‌ను నిలదీస్తూ లక్షల మంది అర్జీ మీద సంతకాలు పెట్టారు. మార్చిలో ఆ రేడియోవాళ్లే కార్యక్రమాన్ని ఉపసంహరించుకున్నారు. షాంఘైలో ఉన్న రాబ్ ష్మిట్జ్ అనే విలేఖరి డైసీకి దుబాసీగా వెళ్లిన మనిషిని పట్టుకుని అడిగితే చాలా సంగతులు కల్పితాలని తేలింది. హెక్సేన్ అనే రసాయనపు విషంతో చేతులు వణుకుతున్న కార్మికులను షెన్‌జెన్‌లో కలిశానని డైసీ చెప్పాడు. అలాంటి కార్మికులు నిజంగానే ఉన్నారు. ఉన్నది ఎక్కడో దూరాన సుజౌలోని వింటెక్ కర్మాగారంలో. 137 మంది జబ్బుపడ్డట్టు 2011లో ఆపిల్ స్వయంగా ఒప్పుకుంది. అంటే అతడు చెప్పదలుచుకున్న బాధ నిజమైనదే, కాగితం మీద ఉన్నదే. ఉన్నదున్నట్టు చెబితే చాలకపోయిందనుకున్నాడు. బయటపడ్డాక చర్చ కార్మికుల మీంచి అతడి మీదికి మళ్లింది. చైనా కర్మాగారాల మాటలన్నీ కట్టుకథలేనని చెప్పుకోవడానికి కొందరికి సందు దొరికింది. అదే నెల చివర ఫెయిర్ లేబర్ అసోసియేషన్, ఆపిల్ ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్‌లో వేల మంది కార్మికులను అడిగి, వారానికి 60 గంటలు దాటిన పని, చెల్లించని అదనపు కూలి బయటపెట్టింది. అది ఎంతమందికి గుర్తుంది? ఇప్పుడు అదే ఫాక్స్‌కాన్ సంస్థ మన కొంగరకలాన్‌లో కర్మాగారం పెట్టింది. రేపు అక్కడి పనిగంటల గురించి ఎవరైనా నోరు విప్పితే, విన్నవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఏదన్నది చిన్న విషయం కాదు.

కల్పనలు కార్మికుల వైపు నుంచే వస్తాయనుకుంటే పొరపాటు. తెలుగు విరివిగా వినబడే కోలారు జిల్లాలో, నరసాపుర దగ్గర విస్ట్రాన్ ఐఫోన్ కర్మాగారంలో 2020 డిసెంబరు 12న జీతాల కోతల మీద కార్మికులు తిరగబడి అద్దాలు, సామాను పగలగొట్టారు. కంపెనీ పోలీసులకిచ్చిన ఫిర్యాదులో నష్టం 437 కోట్ల రూపాయలని రాసింది. కార్మికులు దోపిడీ దొంగలన్న ముద్ర పడిపోయింది. కొద్ది రోజులకే అదే కంపెనీ తైవాన్‌లో మదుపుదారులకు చెప్పిన లెక్క అందులో ఎనిమిదో వంతుకు మించలేదు. కొన్ని నెలల్లోనే పనివాళ్ల సంఖ్యను 5,000 నుంచి 10,500కు పెంచి, జీతాల లెక్క పెట్టే ఏర్పాటు పెంచలేదన్నది తర్వాతి తనిఖీల్లో తేలింది. ఆపిల్ కొత్త పనులు ఆపేసింది. ఫిర్యాదులో అంకె పెంచినందుకు యాజమాన్యానికి పోయిన పరువు పెద్దగా లేదు. కార్మికుడి నోట ఒక్క మాట పెరిగితే మాత్రం మిగిలిన తొంభైతొమ్మిది మాటలూ కొట్టుకుపోతాయి. లోకం తీరు ఇలా ఉన్నప్పుడు, మాట పెంచి చెప్పే ఖర్చు భరించే స్తోమత బలహీనుడికి లేదు.

ఇంకో హాని ఉంది, అది మెల్లగా ఎక్కే విషం లాంటిది. అన్యాయాన్ని కొలిచే కొలతే మారిపోతుంది. వేళ్లు తెగితేనే నేతగాడికి అన్యాయం జరిగినట్టని మనసుకు అలవాటైపోతే, నూలు ధర పెరగడం, కూలి పెరగకపోవడం, సొసైటీ బకాయిలు రాకపోవడం అన్యాయాల్లాగా కనబడవు. మన కళ్ల ముందే ఇది జరిగింది. 1990ల చివర సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు వరసగా ఆత్మహత్యలు చేసుకుంటే, ఊరికి ‘ఉరిసిల్ల’ అన్న పేరు పడేదాకా వెళ్లింది. అప్పుడు కూడా ప్రతి చావు దగ్గరా ఆకలా, జబ్బా, తాగుడా, కుటుంబ కలహమా అన్న పంచాయితీయే నడిచింది. చేతిలో నెత్తురు కనబడని చోట హంతకుణ్ణి చూడలేని అలవాటు అధికారులది మాత్రమే కాదు, మనది కూడా. చేనేత నాయకులు ప్రగడ కోటయ్య, కొండా లక్ష్మణ్ బాపూజీ లాంటివాళ్లు వేళ్ల కథ మీద ఆధారపడి ఉద్యమం నడపలేదు. చిలపల నూలు ఎంత కావాలి, ఎంత వస్తోంది, సహకార సంఘానికి అప్పు ఎంత వడ్డీకి దొరకాలి అన్న లెక్కలతో ప్రభుత్వాల వెంటపడ్డారు. 1985లో కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. మిల్లు యజమానులు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం పక్షాన నిలబడింది. అదే చట్టం కింద మొదట 22 రకాలున్న జాబితా తర్వాత 11కు కుదించుకుపోయింది. దాని మీద బొటనవేళ్ల కథ మీద వచ్చినంత కోపం ఎక్కడా రాలేదు.

2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షలకు పైగా నేత, అనుబంధ కార్మికులు తేలారు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల సంపాదన నెలకు 5,000 రూపాయల లోపేనని తేలింది. ఆ గణన వచ్చాక, 2020 జూలై చివర్లో, ఆగస్టు 7 చేనేత దినానికి దాదాపు పది రోజుల ముందు, కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. నేతగాళ్లు తమ గోడు ప్రభుత్వానికి నేరుగా చెప్పుకునే వేదిక అది. ఆ ఆగస్టు 7న కూడా కొన్ని చోట్ల బొటనవేళ్ల కథ వినిపించే ఉంటుంది. ఆ బోర్డు ఎందుకు రద్దయిందో, దాని స్థానంలో ఏమొచ్చిందో, కొడకండ్ల మగ్గం మీద ఒక చీరకు ఇప్పుడు పడే నూలు ఖర్చెంతో, కూలి ఎంతో అడగాల్సిన రోజు అది.